పాత డబ్బాలో ఎనిమిది టెరాబైట్లు

ఆ ఇంటి పెద్దకోడలికి సర్వరమ్మ అని పేరు పెట్టింది మామగారే. కింద ఫోటో స్టూడియో, పైన కాపురం. స్టూడియో వెనక, ఒకప్పుడు ఫిల్ములు కడిగిన చీకటి గదిలో ఇప్పుడొక నల్లటి కంప్యూటరు ఎప్పుడు చూసినా గుర్రుపెడుతూ ఉంటుంది. అందులో లైనక్స్ ఎక్కించిందీ, మామగారి కొడుకులిద్దరూ బయట తీసుకొచ్చిన ఫోటోలు ఎప్పటివప్పుడు సర్దిపెట్టేదీ, ఏ పెళ్ళి ఏ డిస్కులో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదీ పెద్దకోడలే. "పెద్ద పెద్ద స్టూడియోలకి సర్వర్లు ఉంటాయట. మనకెందుకూ, సర్వరమ్మ ఉండగా" అని ఒకనాడు మామగారు నవ్వులాటకి అన్నారు. ఆ పేరు కాస్తా వీధి చివర టీకొట్టుదాకా పాకింది. "ఏం పేరండీ అది, నలుగురూ నవ్వడానికి కాకపోతే" అని ఆమె పైకి విసుక్కునేది. ఎవరైనా అలా పిలవడం మరిచిపోతే మాత్రం ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉండేది.

ఆ పేరు ఊరికే రాలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఆమెని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు లేరు. మరిది వదిలేసిన పాత పుస్తకమొకటి ముందేసుకుని, పొయ్యి మీద కూర పడేసి కిందికి పరిగెత్తి, మాడిన వాసన వస్తే పైకి పరిగెత్తి, అంతా ఒకటికి రెండుసార్లు పాడుచేసి, ఇంటిల్లిపాదిచేతా చీవాట్లు తిని నేర్చుకుంది. అలా వచ్చిన విద్య మీద మనిషికి మమకారం ఉండదా మరి. ఆ గదిలో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఆమెకి ఒళ్ళు మండేది. భర్త అయినా సరే, "లేవండి, ఏదో ఒకటి నొక్కేస్తారు" అని లేపేసేది.

అన్నిటికన్నా ఆమెకి ఇష్టమైన పని ఒకటుంది. మామగారు కుర్రతనం నుంచి తీసిన ఫోటోల నెగటివులు అట్టపెట్టెల్లో మూలుగుతుండేవి. తేమకి బూజు పట్టి, పుల్లటి వాసన కొడుతూ, ముట్టుకుంటే చేతికి అంటుకునేవి. సర్వరమ్మ వాటిని ఒక్కొక్కటే తుడిచి, స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టింది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ మామగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. "ఈయన మిల్లు మేస్త్రి. ఈవిడ ఆయన రెండో భార్య, మొదటావిడకి స్వయానా చెల్లెలు. ఆ ఏడుస్తున్నవాడున్నాడే, వాడే ఇప్పుడు మన పక్క వీధి పళ్ళ డాక్టరు" అని ఆయన చెబుతుంటే ఆమె ప్రతి ఫోటో కిందా పేర్లూ వరసలూ ఎక్కించేది. ఏళ్ళ తరబడి సాగింది ఆ పని. స్కాన్ అయిన నెగటివులు దాచడానికి కూడా పనికిరాకుండా పోతే పారేశారు. ఇప్పుడు ఆయనకి చూపు మందగించింది. కొడుకుల్నే ఒకరి పేరుతో ఇంకొకర్ని పిలుస్తున్నారు. ఆ మొహాలకి ఆ పేర్లు మిగిలింది ఇక ఆ ఫోటోలున్న ఒక్క డిస్కులోనే.

ఆ డిస్కు కథ కూడా వినాలి. ఎనిమిది టెరాబైట్ల పెద్ద డిస్కు. కొన్న రోజు సర్వరమ్మ దాన్ని కంప్యూటరు లోపల బిగించి, తనకి అలవాటైన కమాండుతో పార్టిషన్ చేయబోతే, అంటే హద్దులు గీయబోతే, రెండు టెరాబైట్లు దాటి జానెడు చోటు కూడా ఇవ్వనంది. పాత పద్ధతి పార్టిషన్ పట్టికకి అంతకు మించి లెక్కపెట్టడం చేతకాదు. పెద్ద డిస్కులకి వేరే పట్టిక ఉంది, కొత్త పద్ధతిది. అది ఆమెకి తెలియదు, ఎవరినైనా అడగడానికి నామోషీ. విసుగెత్తి డిస్కుని బయటకి లాగి, అల్మారాలో పడున్న పాత యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, తీగతో కంప్యూటరుకి కలిపి చూసింది. అదే కమాండు, అదే డిస్కు, ఈసారి మాత్రం మారుమాట్లాడకుండా ఎనిమిదీ ఇచ్చేసింది. ఆ రోజు ఆమె చంకలు గుద్దుకుంది.

అందులో కిటుకేమిటంటే, డిస్కు తన పొడుగుని చిన్న చిన్న గళ్ళలో చెబుతుంది. ఆ పాత డబ్బా మధ్యలో దూరి ఎనిమిదేసి గళ్ళని కలిపి ఒక్కటిగా చూపించింది. గళ్ళ సంఖ్య తగ్గింది కాబట్టి పాత పట్టికకి లెక్క సరిపోయింది. అయితే అలా హద్దులు గీసిన డిస్కుని డబ్బాలోంచి తీసి నేరుగా బిగించారో, గుండె ఆగినంత పనవుతుంది. గళ్ళు మళ్ళీ చిన్నవైపోతాయి, రాసుకున్న హద్దులు ఎక్కడో పడతాయి, ఎనిమిది ఉండాల్సిన చోట ఒకటే కనిపిస్తుంది, అది కూడా తెరుచుకోదు. మళ్ళీ డబ్బాలో పెడితే ఎక్కడివక్కడే ఉంటాయి. డబ్బా కరెంటు తీగ కాలిపోయి, డిస్కుని నేరుగా బిగించి చూసిన రోజున సర్వరమ్మకి ఇదంతా తెలిసొచ్చింది. చెమటలు కక్కి, కొత్త తీగ తెప్పించి, డిస్కుని డబ్బాలో పెట్టాక గానీ ఊపిరి ఆడలేదు. తను చేసింది అడ్డదారి పని అని అప్పుడర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో మరిదికి పెళ్ళయి చిన్నకోడలు వచ్చింది. వచ్చిన పిల్ల ఊరికే రాలేదు, వందలకొద్దీ కంప్యూటర్లని కనిపెట్టుకుని ఉండే కంపెనీలో పనిచేసి వచ్చింది. వెనక గదిలోకి అడుగుపెట్టి, తీగల మీద సర్వరమ్మ అంటించిన కాగితం ముక్కలు చూసి, "ఇదంతా మీరొక్కరే చేశారా అక్కా" అంది. నిజంగానే మెచ్చుకుంది పాపం. సర్వరమ్మకి మాత్రం అందులో వెటకారం వినిపించింది. కుళ్ళు ఒకసారి లోపల చేరితే చెవులు కూడా దాని మాటే వింటాయి.

మొదట్లో సర్దుకుపోయింది. చిన్నపిల్ల, ఉత్సాహం, పోనీలే అనుకుంది. ఆ పిల్ల ఒకరోజు కూర్చుని నాలుగు వరసల ప్రోగ్రాం ఏదో రాసింది. అప్పట్నించి కెమెరా కార్డు పెట్టగానే ఫోటోలు వాటంతటవే తేదీలవారీగా సర్దుకుంటున్నాయి. సర్వరమ్మ మధ్యాహ్నమంతా కళ్ళు కాయలు కాచేలా చేసే పని అది. "చూశావా, ఎంత తేలికో" అన్నాడు భర్త. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు. కట్టుకున్నవాడికైనా బుద్ధుండక్కర్లేదా. ఇన్నాళ్ళూ తను చేసినప్పుడు కష్టంగా కనబడలేదు కాబోలు.

ఆ తర్వాత ఏది చూసినా అదే బాధ. చిన్నకోడలు టీ తాగినా వింతే, తుమ్మినా ముద్దే. కరెంటు పోయినప్పుడు కంప్యూటరు దానంతటదే నెమ్మదిగా ఆగిపోయే ఏర్పాటు చేసిందని ఒకరోజు, కౌంటర్లోంచే పాత పెళ్ళి వెతుక్కోవచ్చని ఇంకోరోజు, ఇంట్లో భోజనాల దగ్గర ఇవే కబుర్లు. సర్వరమ్మ తలొంచుకుని వడ్డించేది. "కాస్త ఉప్పు తక్కువైందేమో" అని ఎవరైనా అంటే, "అవును, ఉప్పు వేసే కమాండు నాకు రాదుగా" అని విసురుగా అనేది. అందరూ నవ్వేవారు. చిన్నకోడలు అందరికన్నా ఎక్కువ నవ్వేది, అదొక పుండు మీద కారం.

అన్నిటికీ మించి ఒక సాయంత్రం మామగారు వెనక గదిలోంచి, "సర్వరమ్మా, ఇలా ఒకసారి రా" అని పిలిచారు. సర్వరమ్మ చేతిలో ఉన్న పని వదిలేసి, చీరకొంగుకి చేతులు తుడుచుకుంటూ వెళ్ళింది. గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆయన కుర్చీ పక్కన చిన్నకోడలు నిలబడి ఉంది. ఆయన పిలిచింది ఆ పిల్లని. ఆ పిల్ల పలికింది కూడా. "నువ్వెందుకమ్మా వచ్చావు, పని చూసుకో" అన్నారాయన, ప్రేమగానే. సర్వరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మెట్లమీద ఆగిపోయి పళ్ళు నూరుకునేది. ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ కుర్చీ, ఆ పేరు, మామగారి పక్కన ఆ చోటు, మళ్ళీ తనవి కావాలి.

అలాంటిదే రెండో డిస్కు కొనిపించింది కూడా చిన్నకోడలే. "అన్ని పాత ఫోటోలూ ఒక్కచోటే ఉంటే ఎలా మామయ్యగారూ? డిస్కన్నాక ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఇంకో కాపీ తీసిపెట్టుకుందాం" అంది. "ఇన్నాళ్ళూ ఏం పోయిందట" అని సర్వరమ్మ గొణిగింది. మామగారు వినిపించుకోలేదు. "నీ చేతుల మీదుగా కానీ అమ్మాయ్" అని చిన్నకోడలికే అప్పజెప్పారు. ఎవరి నెగటివులు, ఎవరి కళ్ళు, ఎవరి నడుం నొప్పి, చివరికి కాపీ తీసే చేతులు మాత్రం ఆ పిల్లవి.

డిస్కు వచ్చిన మర్నాడు పొద్దున్న సర్వరమ్మ ముందు గదిలో పాస్‌పోర్టు ఫోటోలు తీస్తోంది. అన్నదమ్ములిద్దరూ ఏదో ఫంక్షన్ ఫోటోలకి వెళ్ళారు. ఒక పసివాడు కళ్ళు తెరవనంటాడు, వాళ్ళమ్మ గాజులు గలగలలాడిస్తుంది, సర్వరమ్మ పిల్లిలా అరుస్తుంది. ఆ గొడవలో ఉండగా వెనక గదిలోంచి చిన్నకోడలు గొంతు వినపడింది. "అక్కా, ఒకసారి వస్తారా." ఆ గొంతు అదోలా ఉంది.

వెళ్ళి చూస్తే, బల్లమీద తన పాత డబ్బా మూత తీసి ఖాళీగా పడి ఉంది. సర్వరమ్మకి కడుపు మండిపోయింది. అడగనైనా అడగలేదు. కంప్యూటరు పక్క రేకు విప్పి, పాత డిస్కునీ కొత్త డిస్కునీ రెండింటినీ లోపల బిగించేసింది ఆ పిల్ల. రెండూ ఒకే రకం, ఒకే సైజు.

"డబ్బాలోంచి అయితే కాపీ నత్తనడక నడుస్తుందక్కా, నేరుగా బిగిస్తే తొందరగా అయిపోతుందని" అంది చిన్నకోడలు. "కొత్త డిస్కుని పార్టిషన్ చేద్దామని కూర్చున్నాను. డిస్కుల పేర్లు ఒకదానికి బి, ఒకదానికి సి అని వచ్చాయి. ఫార్మాట్ చేసేటప్పుడు ముందు తప్పు అక్షరం కొట్టేశాను. నిజంగా చేయమంటావా అని అడిగింది, వద్దని కొట్టాను. కొట్టాననే అనుకుంటున్నాను. తర్వాత సరైనదానికి చేశాను, అది బాగానే ఉంది. కానీ ఇది చూడండి."

సర్వరమ్మ తెరమీదికి వంగింది. ఎనిమిది ఉండాల్సిన చోట ఒకటి. తెరవమంటే, ఇందులో ఏమీ గుర్తుపట్టలేకపోతున్నానని జవాబు. ఆమెకి ఒక్క చూపుకే అర్థమైంది. ఈ పిల్ల ఏ పాపమూ చేయలేదు. వద్దని కొట్టింది, వద్దన్నాక కంప్యూటరు దాన్ని తుడిచెయ్యలేదు. ఫోటోలన్నీ ఆ డిస్కులో చెక్కు చెదరకుండా ఉన్నాయి. తీసి డబ్బాలో పెడితే చాలు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, అది అబద్ధం కాదు. నోరు తెరిచింది కూడా. అంతలో చిన్నకోడలు, "మామయ్యగారికి మొహం ఎలా చూపించను అక్కా? నన్ను నమ్మి అప్పజెప్పారు" అంది.

నమ్మి అప్పజెప్పారట. అరికాలి మంట నెత్తికెక్కింది సర్వరమ్మకి. తనని నమ్మలేదనేగా అర్థం. సరే, నమ్మినవాళ్ళు నమ్మారు, చూడనీ. సాయంత్రందాకా చూడనీ. అందరూ చేరాక, అందరూ తల పట్టుకుని కూర్చున్నాక, అప్పుడు వచ్చి ఒక్క చేత్తో తీసి చూపిస్తే తెలుస్తుంది ఎవరు ఎవరో.

"మీరెప్పుడైనా ఇలా చూశారా అక్కా? దీనికేమైనా మార్గముందా?" అని అడిగింది చిన్నకోడలు. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు తెలియదమ్మా" అంది సర్వరమ్మ. "ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

అని, బల్లమీది డబ్బా తీసి చంకలో పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. పసివాడి ఫోటో సంగతి కూడా మరిచిపోయింది. వాళ్ళమ్మ చాలాసేపు గాజులు గలగలలాడించి, ఎవరూ రాకపోతే తర్వాత వస్తామని వెళ్ళిపోయిందట.

పైన సర్వరమ్మకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. చాలా రోజుల తర్వాత ఆకలేసి తిన్నది. తిని, ఒక కునుకు తీసింది. లేచి మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, కొంచెం మంచి చీర తీసింది. అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో కూడా సరిచూసుకుంది. గొప్పగా చెప్పకూడదు. "అయ్యో, ఇంతేనా, దీనికేనా ఇంత గొడవ" అన్నట్టు చెప్పాలి. డిస్కుని డబ్బాలో పెట్టేటప్పుడు ఎవరివైపూ చూడకూడదు. ఫోటోలు వరసగా తెరమీదికి వచ్చాక మెల్లగా లేచి, "కూర మాడుతుందేమో చూసొస్తా" అని వెళ్ళిపోవాలి. అప్పుడు మామగారే వెనక నుంచి పిలుస్తారు, సర్వరమ్మా అని. చిన్నకోడలు అక్కడే ఉంటుంది, కానీ పలకదు. ఆ పలకకపోవడాన్ని తలుచుకుంటే సర్వరమ్మకి ఒళ్ళు పులకరించింది. ఆ పిల్ల ఏడుపు మొహం గుర్తొచ్చి మధ్యలో ఒకటి రెండుసార్లు మనసు చివుక్కుమంది. ఒక్క పూటేగా, ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకుంది.

అంతలో మెట్ల కింది నుంచి చిన్నకోడలు పిలిచింది. "అక్కా, బావగారు వాళ్ళు వచ్చేశారు. సాయంత్రం ఇంకో ఫంక్షన్ ఉందట, కార్డులు వెంటనే ఖాళీ చేసి ఇవ్వాలట. ఏం చేయమంటారు?"

"నన్నెందుకడగడం" అంది సర్వరమ్మ కిందికి తొంగిచూడకుండానే. "నీకు తెలియందేముంది, చూసుకో."

కింది నుంచి "సరే అక్కా" అని మెల్లగా వినిపించింది.

కొంచెం ఆగి, పక్కింటివాళ్ళ టీవీలో ఏదో అయిపోయాక, సర్వరమ్మ డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. వెనక గదిలో అందరూ ఉన్నారు. మామగారు తన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. భర్తా మరిదీ ఖాళీ అయిన కార్డుల కోసం సంచులు భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. చిన్నకోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. తెరమీద ఏవో ఫోటోల పేర్లు గబగబా పైకి పోతున్నాయి.

"ఏమిటది, ఏం కాపీ అవుతోంది?" అని అడిగింది సర్వరమ్మ.

"కార్డులక్కా. రెండు డిస్కుల్లోకీ ఒకేసారి పోతున్నాయి. ఇక ఈ ఇంట్లో ఏదీ ఒక్కచోట ఉంచకూడదని మామయ్యగారన్నారు. నాకూ బుద్ధొచ్చింది."

"రెండు డిస్కులేమిటి? ఏ రెండు?"

"ఈ కొత్తదీ, ఆ పాతదీ. పాతదాన్ని మళ్ళీ మొదటి నుంచి గీశానక్కా, కొత్త పద్ధతి పట్టికతో. ఉన్నదంతా తుడిచి, ఫార్మాట్ చేసి కొత్తదాని పక్కనే పెట్టాను."

సర్వరమ్మ తలుపు పట్టుకుంది. తెరమీద పేర్లు అలా పోతూనే ఉన్నాయి. పోయే ప్రతి పేరూ ఏ మేస్త్రి మొహం మీదో, ఏ ఏడుస్తున్న పిల్లాడి మీదో వెళ్ళి పడుతోంది.

"ఆపు" అంది. ఎవరికీ వినపడలేదు.

"డిస్కు లోపల తవ్వి ఫోటోలు తీసేవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని చాలాసేపు ఆగానక్కా" అంటోంది చిన్నకోడలు. "తవ్వినా ముక్కలే వస్తాయి, పేర్లు రావు. ఆఖరికి నాకు నేనే చెప్పుకున్నాను. అక్కని అడిగాను కదా, ఇలాంటిది అక్కే చూడలేదంటే ఇక చూసినవాళ్ళెవరుంటారు అని. ఈ గదిలో మీకు తెలియనిది లేదు. మీరు తెలియదన్నాక నేను ఆశ వదిలేశాను."

మామగారు చెయ్యి చాపి పెద్దకోడలిని దగ్గరికి రమ్మన్నారు. ఆయన మొహం ఒక్కపూటలో పీక్కుపోయింది. అయినా ఎవరి మీదా కోపం లేదు. "పోయిందేదో పోయిందమ్మా. నా తప్పే. నీ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క బొమ్మ పోలేదు. నీకు చెప్పకుండా దానికి అప్పజెప్పాను చూడు, అదీ నేను చేసిన పని. ఇక మీదట నువ్వు చెప్పందే ఈ గదిలో ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. సర్వరమ్మవి నువ్వే."

చిన్నకోడలు వెంటనే కుర్చీలోంచి లేచింది. "కూర్చోండక్కా" అంది. "నేను పక్కన కూర్చుని మీ దగ్గర నేర్చుకుంటాను."

అద్దం ముందు అనుకున్నవన్నీ వచ్చేశాయి. పేరొచ్చింది, కుర్చీ వచ్చింది, మామగారి పక్కన చోటొచ్చింది. భర్త కూడా కళ్ళతోనే కూర్చోమని సైగ చేశాడు. సర్వరమ్మ మాత్రం కదల్లేకపోయింది.

అప్పుడు చిన్నకోడలి చూపు ఆమె చంక మీద పడింది. "ఆ డబ్బా ఎందుకు తెచ్చారక్కా?"

అందరూ అటు చూశారు. పారేద్దామని తెచ్చానంటే సరిపోయేది. పాతది, పనికిరానిది, ఎవరడుగుతారు. ఆ మాట నోట్లో సిద్ధంగానే ఉంది.

"దీంట్లో పెడితే తెరుచుకునేది" అంది సర్వరమ్మ.

భర్తకీ మరిదికీ ఏమీ అర్థం కాలేదు. చిన్నకోడలికి బుర్ర చురుకు, దాని పాడుగాను. డబ్బావైపు చూసింది, తెరవైపు చూసింది, ఎనిమిదీ ఒకటీ లెక్క కట్టుకున్నట్టుంది. "దీన్ని ఈ డబ్బాలో ఉండగా గీశారా అక్కా" అని అడిగింది. సర్వరమ్మ తలూపింది. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుంది.

"ఏమిటమ్మా, ఏమంటోంది?" అన్నారు మామగారు, ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం వెతుక్కుంటూ.

చిన్నకోడలు ఆయనవైపు తిరిగింది. "డబ్బాలో పెట్టి చూడాల్సింది మామయ్యగారూ, నాకు తట్టలేదు. అక్కకి కూడా పొద్దున్న కంగారులో గుర్తొచ్చి ఉండదు. ఇప్పుడు గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చారు. అంతే కదక్కా?"

అని సర్వరమ్మ కళ్ళలోకి చూసింది. అంతా తెలిసే అడుగుతోంది. ఊ అంటే చాలు, అక్కడితో అయిపోతుంది. ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. మామగారు కూడా అవునను అన్నట్టు ఆశగా చూస్తున్నారు. సర్వరమ్మకి ఆ క్షణంలో కూడా కుళ్ళు పోలేదు, ఇంకా రగిలింది. ఇన్నీ ఉన్నాయి దీనికి. ఈ మంచితనం కూడా దీనికే ఉండాలా అనిపించింది.

"గుర్తొచ్చింది మామయ్యగారూ" అంది. "పొద్దున్నే గుర్తొచ్చింది."